భాషావాచకములు - దేశభక్తి, పౌరధర్మము



హిందీ వాచకము చదివిన పిల్లలలో ఒక పువ్వు కోరికను ఎరుగనివారు అరుదు. అలంకారములలోను అర్చనలలోను తనకు చోటు వలదనియు, మాతృభూమికై ప్రాణము లర్పింపబోవు వీరుల త్రోవలో తన్ను విసరివేయుమనియు తోటమాలిని వేడుకొను పువ్వు అది. ఆ గీతము పేరు ‘పుష్ప్ కీ అభిలాషా’. కవి మాఖన్‌లాల్ చతుర్వేది. ఆయన మొదట ఖండ్వాలో బడిపంతులు, పిమ్మట పత్రికా సంపాదకుడు. 1921లో రాజద్రోహ నేరము మోపి ప్రభుత్వము ఆయనను బిలాస్‌పూరు కారాగారములో నుంచెను. 1922లో ఆ గోడల నడుమనే ఈ గీతము పుట్టినది. ఈ రైల్వే పట్టణపు పిల్లవాడు దానిని ఏదో యొక తరగతిలో వల్లించి, ప్రతిపదార్థము వ్రాసి, మార్కులు తెచ్చుకొని, అది తాను పెరిగిన ఊరిలోనే పుట్టినదని ఎరుగకయే పాఠశాల విడిచిపోవుట కద్దు. వాచకమందు కవి పేరు, జన్మస్థలము, బిరుదులు అన్నియు నుండును. పాఠమునకును పిల్లవాని వీధికిని గల సంబంధమును మాత్రము వాచకము చెప్పజాలదు. అది ఉపాధ్యాయుని పని.

ఈ పట్టణమునకు సంబంధించిన మరియొక కవిత రైల్వే స్టేషనులోనే కలదు. రవీంద్రనాథ ఠాకూరు 1918లో ప్రకటించిన ‘పలాతక’ అను సంపుటములోని ‘ఫాంకి’ యను కవిత అది. ఆ మాటకు తెలుగున మోసమని గాని, టోకరా యని గాని చెప్పవచ్చును. బండి దిగి, బండి ఎక్కు తొందరలో అక్కడి పలకపై దానిని నిలబడి చదువువారు కొద్దిమందియే. కథ పెద్దది కాదు. ఇరువదిమూడేండ్ల బిను జబ్బు మనిషి. వైద్యులు గాలిమార్పు కావలెననగా భర్త ఆమెను రైలులో తీసికొనిపోవుచుండెను. బిలాస్‌పూరులో బండి మారవలెను. ఆరు గంటలు కాచుకొనవలెను. ఆయనకు అది విసుగు. ఆమెకు అది పండుగ. పెండ్లియైన తరువాత అత్తవారింటి గడప దాటిన మొదటి ప్రయాణము. ఆ వేచియుండు గదిలో రుక్మిణి యను కూలివాని భార్యతో ఆమెకు మాటలు కలిసెను. రుక్మిణి కూతురి పెండ్లికి ఇరువదియైదు రూపాయలు తక్కువయ్యెను. ఆ సొమ్ము ఇచ్చివేయుడని బిను భర్తను కోరెను. ఆయన సరే యనెను. రుక్మిణిని చాటునకు పిలిచి, గద్దించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపివేసెను. బినుకు ఈ సంగతి తెలియదు. రెండు నెలలకు ఆమె మరణించెను. మరణించుచు, తన కడపటి దినములను భర్త సంతోషముతో నింపెనని కృతజ్ఞత చెప్పి మరణించెను. తరువాత ఆయన ఆ ఇరువదియైదు రూపాయలతో మరల బిలాస్‌పూరునకు వచ్చి రుక్మిణికొరకు వెదకెను. ఆ కుటుంబము ఎక్కడికో తరలిపోయినది. ఋణము తీరలేదు.

ఈ కవితలో దేశభక్తి ప్రసంగము లేదు. జెండా లేదు, వీరుడు లేడు. అయినను పౌరధర్మము అను విషయమున ఇంతకంటె పదునైన పాఠము వాచకములలో దొరకుట కష్టము. రైల్వే కుటుంబములలోని పిల్లలకు ప్లాట్‌ఫారము మీది కూలివారు కొత్తవారు కారు. తనకంటె తక్కువ స్థితిలోనున్న మనిషిని గద్దించి పంపివేయుట ఎంత సులభమో, ఆ తప్పును దిద్దుకొనవలెనని పూనుకొనునప్పటికి ఆ మనిషి ఎట్లు అందకుండ పోవునో పదేండ్ల బాలునికి సయితము ఆ కథ తెలియజేయును. కారాగారములో పుట్టిన గీతము ఆపత్కాలపు దేశభక్తిని చెప్పుచున్నది. వేచియుండు గదిలో నడచిన కథ దినదిన పౌరధర్మమును చెప్పుచున్నది. మొదటిదానికి వాచకములందు స్థానము ఎన్నడును కొదువ లేదు. రెండవదానికి స్థానము దొరకుట అరుదు. ఏలయన దానిని చదివిన పిల్లవాడు పెద్దలవైపు తిరిగి చూచును.

భాషావాచకమున దేశభక్తిని బోధించుట స్వరాజ్యమునకు తరువాత మొదలైన పని కాదు. ఆంగ్లప్రభుత్వపు కాలమందును వాచకములలో భక్తి పాఠము లుండెడివి. ఆ భక్తి చక్రవర్తిపై నుండెడిది. 1907లో బిపిన్ చంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రసంగించిన తరువాత అక్కడి విద్యార్థులు వందేమాతరము బిళ్లలు ధరించి కళాశాలకు పోగా ప్రిన్సిపాలు మార్క్ హంటరు వారిని శిక్షించెను. అట్లు వెళ్లగొట్టబడినవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న యువకుడు. రేపు వాచకము చేతబట్టి పాఠము చెప్పవలసిన వానిని వాచకములో లేని ఒక్క మాట కొరకు బయటికి పంపిరి. 1910లో కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు ప్రభృతులు మచిలీపట్టణమున జాతీయ కళాశాలను స్థాపించుటకు గల కారణములలో ఇట్టి అనుభవములు కూడ కలవు. 1938లో హైదరాబాదు రాజ్యమున ఉస్మానియా విద్యార్థులు వందేమాతరము పాడినందుకు బహిష్కృతులైనప్పుడు వారిలో పలువురిని చేర్చుకొన్నది నాగపూరు విశ్వవిద్యాలయము. తరువాత ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావు అట్లు నాగపూరునకు పోయినవారిలో ఒకరు. ఆ నాటి మధ్యపరగణాలలోనిదే బిలాస్‌పూరు. దేశభక్తి నేర్పు పాఠ్యపుస్తకము లేకపోయినను ఆ తరమువారు దేశభక్తి నేర్చిరి. ఈ విషయమును పాఠ్యపుస్తక సంఘములవారు మరువరాదు. పుస్తకము నేర్పజాలినదానికి ఒక హద్దు కలదు.

స్వతంత్రము వచ్చిన తరువాత సమస్య తలక్రిందులయ్యెను. పూర్వము నిషిద్ధమైనది ఇప్పుడు విధి యయ్యెను. 1952-53 నాటి లక్ష్మణస్వామి మొదలియారు సంఘము ప్రజాస్వామిక పౌరుని తీర్చుటను మాధ్యమిక విద్యకు ప్రథమ ప్రయోజనముగా ఎంచెను. సత్యమును ప్రచారమునుండి వేరుచేసి చూడగల బుద్ధి పౌరునకు కావలెననెను. 1961లో సంపూర్ణానందుని అధ్యక్షతన ఏర్పడిన భావసమైక్య సంఘము, 1964-66 నాటి కొఠారీ సంఘము ఈ విషయమును మరల చర్చించెను. ఈ నివేదికల నన్నిటిని ఇచ్చట ఏకరువు పెట్టనక్కరలేదు. వాటి సారము తరగతిగదికి చేరునప్పటికి తరచుగా ఒక ప్రశ్నగా మిగులును: దేశభక్తి యననేమి? దానికి పిల్లవాడు అయిదు పంక్తుల జవాబు వ్రాయును. ఆ జవాబు నిరుడు వ్రాసిన పిల్లవాని జవాబే.

ఒక్క వాచకము మొదటి పుటలో మాత్రము వేరొక ప్రయత్నము కనబడును. అది ప్రతిజ్ఞ. దేశమందలి కోట్లాది పిల్లలు ప్రార్థన వేళ చేయి చాచి పలుకు ఆ ప్రతిజ్ఞ తెలుగున పుట్టినది. దానిని వ్రాసినవాడు కవిగా ప్రసిద్ధుడు కాడు, ప్రభుత్వోద్యోగి. పైడిమర్రి వెంకటసుబ్బారావు 1916లో నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో జన్మించెను. పలు భాషలు నేర్చెను. ‘కాలభైరవుడు’ అను నవల వ్రాసెను. 1962లో విశాఖపట్టణమున జిల్లా ట్రెజరీ అధికారిగా నుండగా ఈ ప్రతిజ్ఞను రచించెను. దానిని తెన్నేటి విశ్వనాథమునకు చూపగా, ఆయన దానిని అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు దృష్టికి తెచ్చెను. 1963లో విశాఖపట్టణపు పాఠశాలలో దానిని చదివించిరి. 1964లో బెంగుళూరున ఎం.సి. ఛాగ్లా అధ్యక్షతన సమావేశమైన కేంద్ర విద్యాసలహా సంఘము దీనిని దేశమందలి పాఠశాలలన్నిటిలో చదివింపవలెనని నిశ్చయించెను. 1965 జనవరి 26 నుండి అది అమలయ్యెను. నానా భాషలలోనికి పరివర్తన చెందెను. వాచకముల మొదటి పుటలో నిలిచెను.

వ్రాసినవాని పేరు మాత్రము నిలువలేదు. జాతీయగీతము క్రింద రవీంద్రుని పేరు, వందేమాతరము క్రింద బంకించంద్రుని పేరు అచ్చయినను ప్రతిజ్ఞ క్రింద దశాబ్దములపాటు ఎవరి పేరును కానరాలేదు. తన ప్రతిజ్ఞ దేశమంతట చదువబడుచున్న సంగతి సుబ్బారావునకే చాలకాలము తెలియదనియు, మనుమరాలు పాఠ్యపుస్తకము బిగ్గరగా చదువుచుండగా విని గుర్తించెననియు కుటుంబమువారు పత్రికలకు చెప్పిరి. 1988లో ఆయన మరణించెను. ఆ తరువాతి కాలమున కొందరి పట్టుదలవలన తెలుగు పాఠ్యపుస్తకములందు ఆయన పేరు చేరినది. ముసాయిదా వ్రాసినవాని పేరు సంతకములో కనబడకుండుట కార్యాలయములలో వింత కాదు. ఈ సభలోనివారిలో ఎందరు వ్రాసిన వాక్యములు ఎందరి సంతకములతో బయటికి పోయినవో లెక్క లేదు. అది ఉద్యోగధర్మము. పాఠ్యపుస్తకము ఫైలు కాదు. పెద్దలను గౌరవింపుమని చెప్పు పుటలో, ఆ మాట వ్రాసిన పెద్దవాని పేరు లేకుండుట ఆ పుటకే విరుద్ధము.

ప్రతిజ్ఞలోని విషయము ఏమని పరిశీలించినచో ఆ ట్రెజరీ అధికారి బుద్ధిసూక్ష్మత తెలియగలదు. వ్రాసిన సంవత్సరము 1962. చైనాతో యుద్ధము జరిగిన సంవత్సరము. అయినను అందు శత్రువు ప్రసక్తి లేదు. దేశము తనదని చెప్పుట ఒక్క మాటతో ముగియును; వెంటనే తోడివారు తోబుట్టువులగుదురు. దేశసంపద నానావిధమైనదని చెప్పి, దానికి తగిన అర్హత సంపాదించుకొనుట పిల్లవాని పూచీగా నుంచెను. పిదప తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పెద్దలు. ఆ పైన ఎవరితోనైనను మర్యాద. తెలుగు వాచకములలో జంతువులపై దయ కూడ కలదు. కడపట దేశప్రజల మేలునందే తన మేలు కలదను భావము. దేశము పెద్దది, పిల్లవాడు చిన్నవాడు. ఆ పెద్ద మాటను అమ్మ, మాస్టారు, పొరుగువాడు, గొడ్డుగోద వరకు దింపి, పిల్లవాడు సాయంకాలములోగా చేయదగిన పనిగా మార్చెను. రుక్మిణికి జరిగిన అన్యాయము ఈ ప్రతిజ్ఞలో ఏ వాక్యమునకు భంగకరమో అడిగినచో అయిదవ తరగతి బాలుడు కూడ చెప్పగలడు. ఇట్టి ప్రశ్న వేసిన ఉపాధ్యాయుడు రెండు పాఠములు ఒక్కసారి చెప్పినవాడగును.

ఈ భావమునకు తెలుగునాట పూర్వరంగము కలదు. గురజాడ అప్పారావు 1910లో రచించిన ‘దేశభక్తి’ గీతము దేశమును నేలలో గాక, ఆ నేలమీద బ్రతుకు జనులలో చూచినది. గొప్పలు చెప్పుకొనుట మాని పంటలు పెంచుమని, చేతిపనులు నేర్చుకొనుమని, పొరుగువానికి తోడ్పడుమని చెప్పినది. అర్ధశతాబ్దము తరువాత ఆ గురజాడ తిరిగిన తీరముననే ఈ ప్రతిజ్ఞ పుట్టుట కేవలము కాకతాళీయమని తోచదు. రెంటిలోను భాష తేటగా నుండుట గమనింపదగినది. ప్రతిజ్ఞ యందు దీర్ఘసమాసము లేదు. పొట్టి వాక్యములు, పిల్లలు రోజూ వినెడి మాటలు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠములు చెప్పుచు, పిల్లలకు అర్థముకాని భాషలో వ్రాసిన వాచకము విద్యకు అడ్డమని వాదించెను. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రమున మద్రాసు విశ్వవిద్యాలయమువారికి చెప్పినదియు ఇంచుమించు ఇదియే. గ్రాంథికముపై మక్కువగల పెద్దలు ఆనాడు కోపించిరి. కాని దేశమును ప్రేమింపుమని చెప్పు పాఠమును చదువుటకు నిఘంటువు కావలసివచ్చినచో, పిల్లవానికి నిఘంటువుపై కోపమును, దేశముపై విసుగును కలుగునని ఒప్పుకొనక తప్పదు. భాషావాచకము మొదట భాషావాచకము కావలెను. అందలి వచనము బాగుండనిచో అందలి నీతియు నిలువదు.

ఇక బిలాస్‌పూరు తెలుగు పిల్లల మాట. బెంగాలు నాగపూరు రైల్వే ఇటు నాగపూరునుండి బిలాస్‌పూరు మీదుగా బంగాళమునకును, అటు తూర్పుతీరమున వాల్తేరునకును పట్టాలు పరచినది. 1931లో రాయపూరు - విజయనగరము దారి పూర్తియయ్యెను. విశాఖ, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై తెలుగువారు ఈ దారులవెంట వచ్చి స్థిరపడిరి. ఆ కంపెనీ కార్మికులకు నాయకత్వము వహించిన వి.వి. గిరి తరువాత 1969లో రాష్ట్రపతి యయ్యెను. 1955లో ఆ రైల్వేనుండి ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమైనది. 2003లో బిలాస్‌పూరే ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యకేంద్రమైనది. తాతలు తెలుగులో లెక్కలు వేసికొనిరి. తండ్రులు తెలుగున జాబులు వ్రాయగలిగిరి. మనుమలలో ఎందరో తెలుగు మాటలాడుదురు, చదువలేరు.

చట్టములో లోపము లేదు. పాఠశాలలో నలువదిమంది గాని, తరగతిలో పదిమంది గాని ఒక అల్పసంఖ్యాక భాషవారు ఉన్నచో ప్రాథమిక దశలో మాతృభాషలో బోధింపవలెనని 1949 ఆగస్టులోనే రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. 1956లో ఏడవ సవరణద్వారా రాజ్యాంగములో చేరిన 350-ఎ అధికరణము ఈ సౌకర్యమును రాష్ట్రముల బాధ్యతగా చేసెను. కాని సౌకర్యము అడుగువాడు లేనిచోట అధికరణము అల్మారాలో నుండును. తండ్రికి పిల్లవాని ఉద్యోగముపై దృష్టి. ఉద్యోగమునకు ఆంగ్లము, ఊరిలో మెలగుటకు హిందీ. తెలుగు ఎందుకని అడుగు తల్లిదండ్రులను తప్పుపట్టుట సులభము. జవాబు చెప్పుట కష్టము.

జవాబు పౌరధర్మమునందే దొరకగలదు. ఆంధ్రదేశపు తెలుగు వాచకము తెరచినచో గోదావరి, కృష్ణ కనబడును; బిలాస్‌పూరు నడుమ పారు అర్పానది కానరాదు. ఛత్తీస్‌గఢ్ హిందీ వాచకములో అర్పా ఉన్నను అమ్మమ్మ మాట లేదు. 2019లో రాష్ట్రగీతముగా ప్రకటింపబడిన నరేంద్రదేవ్ వర్మ గీతము అర్పా పేరుతోనే మొదలగును. రైల్వే కాలనీ తెలుగు పిల్లలు దానిని చక్కగా పాడుదురు. ఇది సంతోషింపదగినది. అయినను ఈ రెండు వాచకముల నడుమ నిలిచిన పిల్లవానికి, తాను ఎక్కడివాడు అను ప్రశ్నకు ఏ పుస్తకమును సరియైన జవాబు చెప్పుట లేదు. సంపద నానావిధమైనదని ప్రతిదినము పలుకు పిల్లవాని పలుకులో, ఆ వైవిధ్యములో తన వంతు ఏదో తెలియనిచో, ఆ వాక్యము అతనికి ఇతరులనుగూర్చిన వాక్యముగానే మిగులును. తాను దినమును హిందీలోనో ఆంగ్లములోనో పలుకు మాటలు మొదట తన అమ్మమ్మ భాషలో వ్రాయబడినవని తెలిసిన నాడు, తెలుగు ఎందుకను ప్రశ్నను అతడు అడుగడు. అతని తండ్రి అడిగినను అతడే బదులు చెప్పును.

ఇందులకు క్రొత్త పాఠశాల కట్టనక్కరలేదు. ఆంధ్రేతర ప్రాంతములందు తెలుగు సంఘములవారు సెలవుదినములలో పిల్లలను చేర్చి అక్షరములు నేర్పుట వాడుకయే. సాధారణముగా ఓనమాలతో మొదలుపెట్టి, గుణింతము దాటులోపల సగముమంది మానివేయుదురు. పదేండ్లు దాటి, హిందీ చదువ నేర్చిన పిల్లవానికి ఓనమాలు చిన్నతనముగా తోచును. అట్టివానికి ప్రతిజ్ఞనే మొదటి పాఠముగా పెట్టవచ్చును. అర్థము ముందే తెలియును. వరుస ముందే తెలియును. తెలియవలసినది లిపి యొక్కటే. దేవనాగరిలో ఒక వాక్యము, దాని క్రింద తెలుగు లిపిలో అదే భావముగల మూలవాక్యము వ్రాసి, అక్షరమును అక్షరముతో పోల్చుకొనుమనినచో ఆ పిల్లవాడు కొద్ది వారములలోనే కూడబలికి చదువును. కడపటి వాక్యము క్రింద పైడిమర్రి వెంకటసుబ్బారావు పేరు అతనిచేతనే వ్రాయింపవలెను. అందులో ఐత్వము, క్రావడి, ద్విత్వము, సున్న అన్నియు వచ్చును. లిపికి మంచి పరీక్ష.

రెండవ పాఠము పుస్తకములో కాక స్టేషనులో చెప్పదగినది. పిల్లలను ఆ పలకయొద్దకు తీసికొనిపోయి కథ తెలుగున చెప్పి, రుక్మిణి స్థానమునుండి అదే కథను వ్రాయుమనవలెను. భర్త మంచివాడా చెడ్డవాడా యని అడుగరాదు. అట్లడిగినచో పిల్లలు పెద్దలకు నచ్చు జవాబు చెప్పుదురు. రెండు రూపాయలు చేతిలో పెట్టుకొని రుక్మిణి ఇంటికి పోయి మగనితో ఏమని చెప్పెనో అడిగిన చాలును. మూడవ పాఠమునకు కారాగారము బయటి గోడను చూపి, పువ్వు పాటను తెలుగు వచనమున వ్రాయింపవచ్చును. ఈ రెంటికి బండి ఎక్కనక్కరలేదు. మొదటి పాఠము వ్రాయబడిన విశాఖపట్టణమును చూడగోరు పిల్లలకు, వేసవి సెలవులలో తాతగారి యింటికి పోవునప్పుడు, రాయపూరు మీదుగా విజయనగరపు దారిన పోవు బండి ఎట్లును ఉన్నది.